నల్లగొండ నీళ్లు, పాలమూరు పరుగులు, డాక్టరు సంతకం

ఎండలు తగ్గి తొలకరి పడే వేళకు మన జిల్లాల ఆసుపత్రుల్లో ఒక కొత్త రద్దీ మొదలవుతుంది. జ్వరాల రద్దీ కాదు, అది ఆ తరువాత వస్తుంది. ఇది పిల్లల రద్దీ. పిల్లవాడి చేతిలో ఒక కాగితం, పక్కన తండ్రో, మేనమామో, బడిలోని డ్రిల్లు మాస్టరో ఉంటారు. ఈ విద్యార్థి ఆటలకు, శారీరక శ్రమకు తగినవాడని కాగితం మీద ముందే రాసుకుని వస్తారు. డాక్టరు చేయవలసిందల్లా సంతకం, తేదీ, రబ్బరు ముద్ర. ఎంతసేపు పని? అర నిమిషం.

కాని ఆ అర నిమిషం వెనుక ఏముందో చూడండి. హకీంపేటలో 1993లో వెలసిన క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలో సీటు దొరికితే పిల్లవాడికి తిండి, బట్ట, చదువు, ఆట అన్నీ అక్కడే. ఇంజనీరింగు కళాశాలల్లో క్రీడాకారులకు అర శాతం సీట్లున్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం వారి ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన పిల్లలకు శిక్షణ ఖర్చు కాక నెలకు 10,000 రూపాయలు చేతికి వస్తుంది. రెండెకరాల మెట్ట చేను ఉన్న ఇంటికి ఇది సామాన్యమైన మాటా? అందుకే ఆ కాగితం పట్టుకున్న తండ్రి చేయి కొంచెం వణుకుతుంది. పిల్లవాడికి ఎక్కడ నొప్పి ఉన్నా ఇద్దరూ కూడబలుక్కుని దాచుతారు.

ఈ వారం పాఠకులను నా వెంట ఒక ప్రయాణానికి పిలుస్తున్నాను. హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని నల్లగొండకు పోదాం. అక్కడి నుంచి దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగరు చేరుదాం. ఉద్యోగరీత్యా నేను చాలా ఏళ్లు తిరిగిన దారి ఇది. 2016లో ఈ రెండు పాత జిల్లాలను విడదీసి సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల జిల్లాలు చేశారు. 2019లో నారాయణపేట కూడా వేరయింది. అయితే నీళ్లకూ, జబ్బులకూ జిల్లా సరిహద్దులు తెలియవు కనుక పాత పేర్లతోనే మాట్లాడుకుందాం.

ఆటకు ముందే తగిలిన దెబ్బ

చౌటుప్పల్ దాటిన తరువాత రోడ్డుకు రెండు వైపులా గుండ్లూ, గుట్టలూ కనిపిస్తాయి. గ్రానైటు రాతి నేల. వాన తక్కువ, చెరువులు ఎండితే బోర్లే దిక్కు. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంతసేపు ఆ రాతితో కలిసి ఉంటాయి. రాతిలోని ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల ఊళ్లు అంతకు ఎన్నో రెట్లు ఫ్లోరైడు ఉన్న నీళ్లు తరాల తరబడి తాగాయి.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసింది కాదు. తెలుగు నేల మీద ఫ్లోరోసిస్ ఎముకల జబ్బు 1937లోనే వైద్య పత్రికలకెక్కింది. అది పొదిలి వైపు సంగతి. నల్లగొండ జిల్లా సంగతిని సిద్దిఖీ అనే డాక్టరుగారు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అదే ఏడాది డిసెంబరు 10న నాగార్జునసాగర్ డ్యాముకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. కృష్ణ నీళ్లు జిల్లా అంచున నిలిచాయి గాని, మెట్ట ఊళ్ల బిందెల్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆటల సంగతి చెబుతానని ఈ పాత కథ ఎందుకంటారా? చెబుతాను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఫ్లోరోసిస్ అంటే అంతవరకు అందరూ నడుము వంగిన ముసలివారినే ఊహించుకునేవారు. వీరు చూసింది ఎదిగే పిల్లలను. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తాకుతాయి, మడమలు దూరంగా పోతాయి. వైద్య భాషలో దాన్ని జెనూ వాల్గం అంటారు. నీటిలో ఫ్లోరైడుతో పాటు తిండిలో కాల్షియం తక్కువైన పేద ఇళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. జొన్నలే ప్రధానంగా తినే ఇళ్లలో శరీరంలోని రాగి తగ్గడానికీ దీనికీ సంబంధం ఉందని కూడా వారు ఆలోచించారు.

ఇప్పుడు పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో, క్రీడా పాఠశాలకో వెళ్లిన పిల్లవాణ్ణి డాక్టరు మొట్టమొదట ఏం చేయమంటాడు? కాళ్లు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడమంటాడు. మోకాళ్లు తాకి మడమలు తాకకపోతే పెన్ను ఆగిపోతుంది. అంటే నల్లగొండ పిల్లవాడికి తగిలిన దెబ్బ మైదానంలో తగిలింది కాదు, మంచినీళ్ల కుండలో తగిలింది. ఆటగాడు కాకముందే గాయపడినవాడు వాడు.

ఒకసారి మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, ఉరుకుడుల మా పోరడే ఫస్టు. కాళ్లు జర వంకరున్నయని రాస్తే సీటు పోతది. రాయకుండ్రి సారూ, మీ కాల్మొక్త."

"రాయకపోతే వంకర పోతదా అయ్యా? పిల్లగానికి ఎన్నేండ్లు?" అన్నాను.

"పదకొండు నడుస్తున్నయి."

"అట్లయితే ఇంకా ఎదిగే వయసే. ఇప్పుడు చూపిస్తే సక్కగయే వీలుంది. దాచిపెట్టి ఉరికిస్తే ఇరవై ఏండ్లకు మోకాళ్లు అరిగిపోతయి."

ఈ మాట పాఠకులు జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్లో మోకాళ్లు కొంచెం తాకడం సహజం. ఏడేళ్లు నిండేసరికి అదే సర్దుకుంటుంది. ఆ తరువాత కూడా ఉండిపోయినా, పెరుగుతున్నా, ఒకే కాలికి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎదిగే వయసులో మోకాలి దగ్గర ఒక చిన్న ప్లేటు బిగించి, ఎముక ఎదుగుదలనే దారి మళ్లించి కాలు చక్కబరచే ఆపరేషను ఉంది. అది చిన్న ఆపరేషను. ఎదుగుదల ఆగిపోయిన తరువాత వస్తే ఎముకను కోసి అతికించవలసి వస్తుంది. అది పెద్ద పని. కాబట్టి ఇక్కడ దాచడం వల్ల పోయేది సీటు ఒక్కటే కాదు, తేలికగా నయమయ్యే కాలం కూడా.

ఇంట్లోనే చేసుకోదగిన మూడు పరీక్షలు చెబుతాను. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమనండి. గడ్డం ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులు ఎత్తి తల వెనుక కలపమనండి. ఈ మూడింటిలో ఏది చేయలేకపోయినా, పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలున్నా తాగే నీటిని పరీక్ష చేయించండి. పళ్ల మీద గార ఉన్నంత మాత్రాన ఎముకలు చెడినట్టు కాదు. అయితే చిన్నప్పుడు తాగిన నీటి సాక్ష్యం అది.

నీటి విషయంలో నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలుసు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు 1970లలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టారు. చివరకు మేలు చేసింది మాత్రం నది నీళ్లే. 2015లో చౌటుప్పల్ దగ్గర పైలాను వేసి, 2016లో మొదలుపెట్టిన మిషన్ భగీరథ నల్లాలు ఊళ్లకు వచ్చిన తరువాత పుట్టిన పిల్లల పళ్లు చూస్తే నాకు సంతోషం కలుగుతుంది. అయితే ఇంట్లో నల్లా నీళ్లు తాగే పిల్లలే చేనుకు పోయినప్పుడు, మైదానంలో ఆడినప్పుడు బోరు నీళ్లు తాగుతున్నారు. ఆటగాడు మిగతావారి కంటే ఎక్కువ నీళ్లు తాగుతాడు. కాబట్టి మైదానానికి ఇంటి నుంచే సీసా పట్టుకుపోవాలి. పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరి, జామ తినాలి. ఇంకొక మంచి మాట. చింతపండు తింటే ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటకు పోతుందని పోషకాహార సంస్థ వారే బడి పిల్లల మీద పరీక్షించి చెప్పారు. మన పచ్చిపులుసు మన వంటింటి మందే. అయితే మంచినీళ్లకు బదులు పులుసు పనికిరాదు సుమా.

దేవరకొండ దారిలో వట్టి కాళ్లు

నల్లగొండ నుంచి దేవరకొండ దారిలో తండాలెక్కువ. సాయంత్రం పూట బడి ముందర మొరం నేల మీద పిల్లలు కబడ్డీ, ఖోఖో, వాలీబాలు ఆడుతుంటారు. ఫుట్‌బాలు కూడా ఇప్పుడు కొన్ని గురుకులాల్లో కనిపిస్తున్నది. సగం మందికి కాళ్లకు బూట్లుండవు. గట్టి నేల మీద దూకితే చీలమండ, మోకాలు రెండూ శిక్ష అనుభవిస్తాయి. ఈ దారిలోని ఏ ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నా సోమవారం ఉదయం బెణికిన కాళ్లు వరుసగా వస్తాయి.

బెణుకుకు మనవాళ్లు చేసే మొదటి పని నూనె రాసి గట్టిగా రుద్దడం, వేడినీళ్ల కాపడం. రెండూ తప్పే. మొదటి రెండు రోజులు రుద్దకూడదు, వేడి పెట్టకూడదు. ఆట ఆపి, మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి. మంచు దొరకకపోతే చల్లటి కుండ నీళ్లలో తడిపిన గుడ్డ చాలు. సాగే గుడ్డపట్టీ కట్టి, కాలిని దిండు మీద ఎత్తుగా ఉంచాలి. పిల్లవాడు నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద వేలు పెట్టి నొక్కితే విలవిలలాడినా ఎక్స్‌రే తీయించాలి.

ఇక కట్టు సంగతి. నాటు కట్టు కట్టేవారి మీద నాకు కోపం లేదు. చేతిలో డబ్బు లేనివాడికి, ఆసుపత్రి దూరమైనవాడికి వారే దిక్కయ్యారు. కాని వెదురు బద్దలతో బిగించిన కట్టు కింద వాపు పెరిగితే రక్తం ఆగిపోతుంది. కట్టు కట్టిన తరువాత నొప్పి తగ్గడానికి బదులు పెరుగుతున్నా, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదిలిస్తే భరించలేకపోయినా అర్ధరాత్రయినా సరే కట్టు విప్పి ఆసుపత్రికి పరుగెత్తాలి. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. విరిగిన ఎముక అతుకుతుంది గాని చచ్చిన కండ తిరిగి రాదు. ముఖ్యంగా మోచేయి పైన విరిగిన పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ.

మరొక మాట పిల్లల ఎముకలను గురించి. వారి ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తటి పొర ఉంటుంది. దెబ్బ అక్కడ తగిలితే పైకి బెణుకులాగే కనిపిస్తుంది. సరిగా చూడకపోతే రెండేళ్ల తరువాత ఒక కాలు పొట్టి అవుతుంది, లేదా వంకర తిరుగుతుంది. పెద్దవారికి బెణికే చోట పిల్లలకు ఎముక దెబ్బ తింటుందని తల్లిదండ్రులు గుర్తుంచుకుంటే చాలు.

పిల్లలమర్రి నీడలో

డిండి దాటి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరితే మహబూబ్‌నగరు దగ్గరికి వచ్చినట్టే. దేశమంతటా కాలువలు, డ్యాములు, రోడ్లు తవ్విన పాలమూరు కూలీల జిల్లా ఇది. తల్లిదండ్రులు పనికి వలసపోతే తాత, నాయనమ్మల దగ్గర పెరిగిన పిల్లలు ఎందరో. పరుగు వీరికి పుట్టుకతో వచ్చిన విద్య. పశువుల వెంట, బస్సు వెంట, బడికి ఆలస్యమైతే బడి గంట వెంట పరుగెత్తి నేర్చుకున్నారు.

పట్టణానికి దగ్గరలోనే పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రి మూడెకరాల మేర పరుచుకుని ఉంటుంది. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే చెదలు. అప్పుడు అటవీ శాఖవారు చెట్టును కొట్టివేయలేదు. సందర్శకులను ఆపి, 2018లో మనిషికి సెలైను ఎక్కించినట్టే సీసాలు వేలాడదీసి, సూదులతో చెదల మందు చుక్క చుక్కగా ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు ఆనుడు కట్టారు. కొన్నేళ్లు ఓపిక పట్టారు. చెట్టు చిగిర్చింది. ఈ చెట్టుకు దొరికిన ఓపిక, ఈ ఊరి స్టేడియంలో మోకాలు విరుచుకున్న పిల్లకు దొరుకుతుందా అన్నదే నా ప్రశ్న.

మోకాలి లోపల అడ్డంగా ఉండే లిగమెంటు తెగడం ఫుట్‌బాలు, కబడ్డీ, హ్యాండ్‌బాలు ఆడేవారిలో తరచు చూస్తాం. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. చటుక్కున మలుపు తిరిగినప్పుడో, దూకి దిగినప్పుడో "టప్" మని వినిపిస్తుంది. కొద్ది గంటల్లో మోకాలు బూరెలా ఉబ్బుతుంది. రెండు మూడు వారాలకు వాపు తీసిపోతుంది. పిల్ల నడుస్తుంది, అందరూ నయమైందనుకుంటారు. మళ్లీ మైదానంలో మలుపు తిరిగితే మోకాలు జారిపోతుంది. ఈసారి లోపలి మెత్తటి గిన్నె కూడా చిరుగుతుంది.

ఆపరేషను చేస్తే నయమవుతుంది. తొందర మాత్రం పనికిరాదు. ఆపరేషను తరువాత ఆటకు తిరిగి వెళ్లడం ఒక్కొక్క నెల వాయిదా వేసినకొద్దీ, తొమ్మిది నెలల వరకు, మళ్లీ దెబ్బతినే ముప్పు సుమారు సగం చొప్పున తగ్గుతూ వచ్చిందని నార్వేలో చేసిన పరిశోధన 2016లో తేల్చింది. తొమ్మిది నెలలంటే మాటలా? ఒక క్రీడా సంవత్సరం మొత్తం పోయినట్టే. పథకాల్లో ఏటా ప్రతిభ లెక్కవేసి వెనుకబడినవారిని తప్పించే పద్ధతి ఉంది. కాబట్టి పిల్ల అయిదో నెలలోనే నొప్పి మాత్ర మింగి మైదానంలోకి దిగుతుంది. మోకాలు రెండోసారి తెగుతుంది. ఈసారి ఆటా పోతుంది, సీటూ పోతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో ఫుట్‌బాలు ఆడి కాలేజీ చదువు పూర్తిగా ఉచితంగా చదువుకునే పిల్లలు వేలల్లో ఉన్నారు. 1973లో అక్కడి కాలేజీ క్రీడా సంఘం నాలుగేళ్ల స్కాలర్‌షిప్పును ఏడాదికొకసారి పొడిగించే పద్ధతికి మార్చింది. దానితో దెబ్బ తగిలినవాడికి మరుసటి ఏడు పొడిగించకుండా వదిలివేసే వీలు కలిగింది. ఎంతో గొడవ జరిగిన తరువాత 2012లో కొన్నేళ్లకు కలిపి ఇచ్చే వీలు మళ్లీ వచ్చింది. 2015లో అయిదు పెద్ద కాన్ఫరెన్సుల కాలేజీలు ఆట బాగాలేదన్న కారణంతో స్కాలర్‌షిప్పు తీసివేయకూడదని నియమం పెట్టుకున్నాయి. ఇక ఆడలేడని డాక్టరు తేల్చిన కుర్రవాడికి కాలేజీ చదువు ఖర్చు ఇస్తూనే, అతణ్ణి జట్టు లెక్కలోంచి తీసివేసే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. అంటే ఆట పోయినా చదువు పోదు. మన పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల తరఫున ఆడి కాలు విరుచుకున్న పిల్లలకు, క్రీడా వసతి గృహాల్లోని పిల్లలకు ఇటువంటి లిఖితపూర్వకమైన హామీ ఒకటి ఉండాలని నేను ఎంతో కాలంగా కోరుతున్నాను.

చికిత్స ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగరు ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పథకం పరిమితిని పది లక్షలకు పెంచారు. మీ పిల్లకు కావలసిన ఆపరేషను ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. గాయపడిన క్రీడాకారులకు సాయం చేసే కేంద్ర నిధి 1982 నుంచి ఉంది. అర్జీ పెట్టేవారే తక్కువ. జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో విచారించండి. మహబూబ్‌నగరులో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ప్రతి మోకాలికీ హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు.

ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట. మోకాలి కంటే ముందు రక్తం చూడండి. మన రాష్ట్రంలో పదిహేను దాటిన ఆడపిల్లల్లో సగానికి మించి రక్తం తక్కువగా ఉన్నవారేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్న పిల్ల 800 మీటర్ల పరుగులో వెనుకబడితే సోమరితనమని తిట్టకండి. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర పారవేయకుండా మింగితే మూడు నాలుగు నెలల్లో పరుగు మారిపోతుంది. డాక్టరుకు ఇంత తేలికగా పేరు తెచ్చే వైద్యం మరొకటి లేదు.

తల, గుండె: వీటితో బేరం లేదు

కాలి దెబ్బకు కొంత బేరముంది. వారం ముందో, వెనుకో. తలకూ, గుండెకూ బేరం లేదు.

పాత ఫుట్‌బాలు అభిమానులు 1962 జకార్తా ఆసియా క్రీడలను తలుచుకుని నేటికీ పొంగిపోతారు. హైదరాబాదుకు చెందిన కోచ్ రహీంగారు తయారుచేసిన జట్టు అది. వెనుక వరుస ఆటగాడైన జర్నైల్ సింగ్‌కు అంతకు ముందు ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీంగారు అతణ్ణి ముందు వరుసలో నిలిపారు. ఫైనల్లో కొరియా మీద అతడు గోలు కొట్టాడు, బంగారు పతకం వచ్చింది. అప్పటికే రహీంగారికి ఊపిరితిత్తుల క్యాన్సరు, మరుసటి ఏడే కన్నుమూశారు. ఆ జట్టులోనే ఆడిన సికింద్రాబాదు బలరాం 1963లో, ఇరవై ఏడేళ్లకే, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆట మానవలసి వచ్చింది. వారి ధైర్యానికి నమస్కారం. కాని ఆ ధైర్యాన్ని పిల్లలకు పాఠంగా చెప్పకండి. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా, వాంతి అయినా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా ఆ రోజు మళ్లీ ఆడించకూడదని నేటి నియమం. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే పిల్లల మెదడు ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు.

గుండె విషయం ఇంకా కఠినం. 2004 డిసెంబరు 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్పు ఫైనల్లో గోలు కొట్టిన మరుక్షణమే డెంపో ఆటగాడు క్రిస్టియానో జూనియర్ మైదానంలో కూలి మరణించాడు. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో ఎరిక్సన్ గుండె కూడా అలాగే ఆగింది. కాని మైదానంలోనే విద్యుత్ షాకు ఇచ్చి బతికించారు. అతని ఛాతీలో ఒక యంత్రం అమర్చారు. అటువంటి యంత్రం ఉన్నవాణ్ణి ఇటలీ నియమాలు ఆడనివ్వవు. 1982 నుంచి పోటీ క్రీడాకారులకు గుండె పరీక్ష తప్పనిసరి చేసిన దేశం అది. ఎరిక్సన్ అక్కడి జట్టు వదిలి, 2022లో ఇంగ్లండులో తిరిగి ఆడాడు. ఒకే గుండెకు ఒక దేశపు డాక్టర్లు వద్దన్నారు, మరో దేశపు డాక్టర్లు సరేనన్నారు. అంటే ఫిట్‌నెస్ అన్నది ఒక ముద్ర కాదు, ఒక ఆలోచన. ఆ ఆలోచనలో ఆటగాడికీ, ఇంటివారికీ కూడా చోటుండాలి.

మన ఊళ్లలో ఖరీదైన యంత్రాలు లేకపోవచ్చు. నాలుగు ప్రశ్నలకు ఖర్చు లేదు. పరుగెత్తుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయావా? ఛాతీలో నొప్పి వచ్చిందా? మీ ఇంట్లో యాభై ఏళ్లలోపు ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా? చిన్నప్పుడు గొంతునొప్పి తరువాత కీళ్లు ఒకదాని తరువాత ఒకటి వాచాయా? ఈ నాలుగో ప్రశ్న మన పేద ఇళ్లకు ముఖ్యం. ఆ కీళ్లవాతం గుండె కవాటాలను కొరుకుతుంది. ఏ ఒక్కదానికి అవునన్నా ఇ.సి.జి., గుండె స్కానింగు అయ్యేవరకు సంతకం ఆపవలసిందే.

మూడు రకాల 'అన్‌ఫిట్'

చాలామంది తల్లిదండ్రులు 'అన్‌ఫిట్' అనే మాట వినగానే కుప్పకూలుతారు. ఆ మాటకు మూడు అర్థాలున్నాయని చెప్పండి. ఒకటి, ఇప్పటికి వద్దు, మూడు నెలల తరువాత రమ్మనడం. రక్తహీనత, మానని బెణుకు ఈ కోవలోవి. రెండు, ఈ ఆటకు వద్దు, మరొక ఆటకు సరే. తొందరగా మలుపులు తిరగలేని మోకాలు షూటింగుకో, విలువిద్యకో అడ్డు కాదు. మూడు, శ్రమ గల ఏ పోటీకీ వద్దు. ఇది చాలా అరుదు. డాక్టరు వీటిలో ఏది రాశాడో, ఎందుకు రాశాడో, మళ్లీ ఎప్పుడు చూస్తాడో కాగితం మీద అడిగి రాయించుకోండి. సైనిక ఎంపికలో మొదటి డాక్టరు వద్దన్నవారికి రెండో వైద్య పరీక్ష కోరుకునే హక్కుంది. పిల్లల సీట్ల విషయంలో కూడా జిల్లా ఆసుపత్రిలో అటువంటి ఏర్పాటు ఉంటే, డాక్టర్లు వట్టి ముద్ర వేయనూ వేయరు, ఒక్క మాటతో ఒక జీవితాన్ని కొట్టివేయనూ కొట్టివేయరు.

ఇక పాఠకులు పాటించవలసినవి:

ఎంపికకు మూడు నెలల ముందే పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించండి. ముందు రోజు తెస్తే సంతకమే దొరుకుతుంది, వైద్యం దొరకదు.

పాత దెబ్బలు, ఎక్స్‌రేలు, వాడిన మందులు దాచకుండా చెప్పండి.

పోటీకి ముందు కీళ్లలో సూదిమందు వేయించి నొప్పి చంపవద్దు. 2022 నుంచి పోటీ సమయంలో స్టెరాయిడు ఇంజెక్షన్లు నిషిద్ధాల్లో చేరాయి. కాలుతో పాటు పేరూ పోతుంది.

దెబ్బ మానిందని చెప్పేది తేదీ కాదు. దెబ్బ తగిలిన కాలు ఒంటికాలి గెంతులో రెండో కాలితో సమానంగా రావాలి, వాపు రాకూడదు, మలుపు తిరిగితే భయం వేయకూడదు.

బడిలో ఆటలు నేర్పే మాస్టర్లు ఒక్క పని చేయండి. గాయపడిన పిల్లను ఇంటికి పంపకండి. స్కోరు రాయమనండి, చిన్నపిల్లలకు ఆట నేర్పమనండి. జట్టులో ఉన్నాననుకునే పిల్ల మందులు మానదు, తొందరపడదు.

చివరగా, ఆటతో పాటు పుస్తకం వదలనివ్వకండి. ఎంత గొప్ప ఆటగాడికైనా మోకాలు ఏదో ఒక రోజు ఇక చాలంటుంది. ఆ రోజు ఇరవై ఏళ్లకు వచ్చినా, నలభై ఏళ్లకు వచ్చినా, చేతిలో చదువున్నవాడు లేచి నడుస్తాడు. ఈ వేసవిలో మీ పిల్లవాడు కాగితం పట్టుకుని ఆసుపత్రికి వస్తే, డాక్టరును సంతకం ఒక్కటే అడగకండి. "మా పిల్లగాణ్ణి ఒకసారి మంచిగా చూడండి" అని అడగండి.